రోజంతా లోక్‌సభ లైవ్ చూశా, సగం అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి

జ్వరం సెలవు:

మూడు రోజులుగా జ్వరం. ఫోన్ చూస్తే తల పగిలిపోతోంది, అందుకని టీవీ పెట్టుకుని ఛానళ్లు తిప్పుతూ తిప్పుతూ సంసద్ టీవీ దగ్గర ఆగా. ఏమనిపించిందో ఏమో, గురువారం పొద్దున 11 నుంచి సాయంత్రం సభ ముగిసేదాకా లోక్‌సభ మొత్తం చూసేశా (మధ్యాహ్నం కాసేపు కునుకు తీశా, అది లెక్కేయకండి). ఇన్నేళ్లూ వార్తల్లో అరుపులు, ప్లకార్డులు చూడటమే తప్ప, ఒక రోజు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో ఎప్పుడూ చూళ్లేదు. చూశాక డౌట్లు తగ్గకపోగా పెరిగాయి.

పదకొండింటికి స్పీకర్ ఒక ఎంపీ పేరు పిలిచారు. ఆయన లేచి "141" అని నంబరు మాత్రం చెప్పారు. మంత్రి లేచి "సమాధానం సభ ముందుంచాను" అని కూర్చున్నారు. ప్రశ్నేంటో ఎవరూ చదవలేదు, జవాబూ చదవలేదు. వెంటనే ఆ ఎంపీ ఇంకేదో అడగడం మొదలుపెట్టారు. నాకు సినిమా మధ్యలో కూర్చున్నట్టు అనిపించింది.

పన్నెండు దాటాక మంత్రులు వరసగా లేచి ఏవో కాగితాల పేర్లు చదివి కూర్చున్నారు, వినేవాళ్లు ఎవరూ లేరు. తర్వాత ఒక్కో ఎంపీ లేచి నిమిషం, నిమిషంన్నర వాళ్ల నియోజకవర్గం సమస్య చెప్పారు. రైలు ఆగట్లేదు, వంతెన కావాలి, పంట మునిగింది. ఎవరూ జవాబివ్వలేదు. మనవాళ్లలో ఒకరు తెలుగులో మొదలుపెట్టగానే చుట్టూ ఉన్నవాళ్లు ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు, అది మాత్రం భలే అనిపించింది.

భోజనాల తర్వాత కెమెరా సభ మొత్తాన్ని చూపించినప్పుడు లెక్కపెట్టా, నలభై మంది కూడా లేరు. బిల్లు మీద చర్చ మాత్రం నడుస్తూనే ఉంది. చివర్లో స్పీకర్ కుర్చీలో ఇంకెవరో కూర్చుని, ఔననేవాళ్లు ఔననండి, కాదనేవాళ్లు కాదనండి అని గబగబా అడిగి పాసైపోయిందన్నారు. ఎవరు లెక్కపెట్టారు?

శుక్రవారం మళ్లీ పెట్టా. 11:04కి వాయిదా. పన్నెండింటికి వచ్చి పది నిమిషాలు ఆ కాగితాల తంతు, మళ్లీ రెండింటికి వాయిదా, రెండింటికి వచ్చి సోమవారానికి వాయిదా. ఇక్కడే నా అసలు ప్రశ్న. జవాబులు ఎలాగూ కాగితం మీద ఉన్నాయి కదా, చదవను కూడా చదవట్లేదు. మరి సభ ఆగిపోతే నిజంగా పోయేదేంటి?

---

వెనక బెంచీ:

ముందు జ్వరం తగ్గించుకోండి సార్. మీకు కునుకు పట్టిన టైమూ సరైనదే, అప్పుడు 377వ నిబంధన కింద, అంటే ఎంపీలు తమ ప్రాంత సమస్యల్ని రాసిచ్చే అంశాలు నడుస్తుంటాయి.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తున్నవి లోక్‌సభలో రోజుకు 20, గుర్తు లేనివి 230. గుర్తు లేనివాటికి రాతలో జవాబొస్తుంది, అంతటితో సరి. నక్షత్రం ఉన్నదాని జవాబు కూడా ముందే సభ్యులకు అందుతుంది, అందుకే ఎవరూ చదవరు. మీరు సినిమా మధ్యలో అనుకున్నారే, నిజానికి సినిమా మొదలయ్యేదే అక్కడ. జవాబు చేతిలో పెట్టుకుని ఎంపీ అనుబంధ ప్రశ్నలు వేస్తారు. ప్రశ్న ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి రెండు, ఆ తర్వాత స్పీకర్ ఎవరిని పిలిస్తే వాళ్లకి ఒక్కోటి. వాటికి పదిహేను రోజుల నోటీసు ఉండదు, ఏం అడుగుతారో మంత్రికి తెలీదు, అప్పటికప్పుడు లేచి నిలబడి చెప్పాలి. రోజు మొత్తంలో మంత్రి చేతిలో స్క్రిప్టు లేకుండా దొరికే సమయం దాదాపు ఇదొక్కటే.

141 అన్నారంటే ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాలున్న ఎనిమిదో రోజన్నమాట, నంబర్లు మొదటి రోజు 1తో మొదలై రోజుకు ఇరవై చొప్పున సాగుతాయి. ఆ ఇరవైలో చోటు కోసం లాటరీ. ఒక సభ్యుడి పేరు మీద రోజుకు ఒక్క నక్షత్ర ప్రశ్నే. ఏ శాఖ ఏ రోజు వస్తుందో కూడా ముందే ఖరారవుతుంది. ఇంత చేసీ గంటలో నాలుగైదు ప్రశ్నలు దాటితే గొప్ప. 2019 శీతాకాలంలో ఒకరోజు ఇరవైకి ఇరవై పూర్తయితే అది వార్త అయిందంటే అర్థం చేసుకోండి.

ఆ కాగితాల తంతుని తీసిపారేయకండి. కాగ్ (ప్రభుత్వ లెక్కల్ని ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టులు, ప్రభుత్వ సంస్థల వార్షిక నివేదికలు బయటికొచ్చేది ఆ పది నిమిషాల్లోనే. ఒకాయన పేరు చదువుతాడు, ఇంకొకాయన ఫోన్ చూసుకుంటాడు, సాయంత్రానికి అదే హెడ్‌లైన్ అవుతుంది. తర్వాత మీరు చూసింది జీరో అవర్. తమాషా ఏంటంటే లోక్‌సభ నిబంధనల్లో ఆ మాటే లేదు, 1960ల్లో అలవాటుగా మొదలై పాతుకుపోయింది. ముందుగా నోటీసులిస్తారు, లాటరీ తీస్తారు, మంత్రి జవాబివ్వాలన్న నియమం లేదు. 2019 జులై 18న అయితే రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని 160 మందికి పైగా మాట్లాడారు. రాజ్యసభలో వరస తిరగేసి ఉంటుంది, అక్కడ 2014 చివరి నుంచి జీరో అవర్ 11కి, ప్రశ్నలు 12కి.

నలభై మంది సంగతి. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, పదో వంతు, లోక్‌సభకు 55, రాజ్యసభకు 25. కానీ ఎవరో ఒకరు లేచి "కోరం లేదు" అంటేనే గంట కొడతారు. ఎవరూ అనకపోతే బండి అలా నడుస్తూనే ఉంటుంది. అనకూడదన్న మొహమాటం రెండువైపులా ఉంది. భోజనం చేసొచ్చిన మధ్యాహ్నం ఎవరి బెంచీలు నిండుగా ఉంటాయి చెప్పండి. కుర్చీలో కూర్చున్న ఆ ఇంకెవరో ప్యానెల్ స్పీకర్, సభ్యుల్లోంచే పది మంది దాకా ఉంటారు, స్పీకర్ లేనప్పుడు సభ నడుపుతారు.

ఇక పోయేదేంటి అన్నారు. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరు చెప్పి ప్రశ్నోత్తరాల గంట ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం ఇచ్చారు. మీ లెక్క ప్రకారం అప్పుడు ఏమీ పోకూడదు. పోయింది ఆ అనుబంధ ప్రశ్నే. 1957లో ఎల్‌ఐసీ డబ్బు ముంధ్రా కంపెనీల షేర్లలోకి ఎలా వెళ్లిందని సభలో అడగడం మొదలుపెట్టారు, ఫిరోజ్ గాంధీ పట్టిన పట్టు విడవలేదు. ఆయన ప్రతిపక్షం కూడా కాదు, అధికార పార్టీ మనిషే, పైగా ప్రధానికి అల్లుడు. విచారణ కమిషన్ వేశారు, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఒక్క రాత జవాబుతో సరిపెట్టుకుని ఉంటే అంతదూరం వెళ్లేది కాదు.

మీ శుక్రవారం నష్టం ఇంకోటి ఉంది. ఆ రోజు చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రి కాని ఏ ఎంపీ అయినా సొంతంగా తెచ్చిన బిల్లులకి. ఇప్పటిదాకా అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. అసలే దిక్కులేని సమయం, అదీ గొడవలో కొట్టుకుపోయింది.

---

సమోసా బ్యాచ్:

బ్రో అంత పవిత్రంగా చెప్పకు. అనుబంధ ప్రశ్న అంటే సగంమంది చేసేదేంటి? "ముందుగా గౌరవ మంత్రిగారికి ధన్యవాదాలు, మా జిల్లాకి ఎప్పుడొస్తారు" అనే కదా. అధికార పక్షం వాళ్లయితే ప్రశ్నలో మూడొంతులు భజన, మిగతాది వాళ్ల ఊరి స్టేషన్. మంత్రి కూడా "సభ్యుల సూచనను పరిశీలిస్తాం" అని కూర్చుంటాడు. హాజరు వేస్తే రోజుకు 2,500 భత్యం. 11:04కి వాయిదా పడ్డా ఆ రోజుది ఆ రోజుకి వస్తుంది.

ప్రశ్నకి విలువ లేదని నేననట్లేదు, విలువుంది కాబట్టే 2005లో డబ్బులు తీసుకుని ప్రశ్నలడిగారని 11 మంది ఎంపీలను బయటికి పంపారు. పది మంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ.

లెక్కలు ఎవరు పెట్టారని అడిగిన అన్నకి, మనం తెలుగువాళ్లం ఆ ప్రశ్న అడగాలా? 2014 ఫిబ్రవరి 18 మర్చిపోయామా? అంతకు ఐదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే, ఆ రోజేమో రాష్ట్ర విభజన బిల్లు మూజువాణి ఓటుతో పాస్. లైవ్ ప్రసారమే ఆగిపోయింది. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టు, ఆంధ్రావాళ్లూ తెలంగాణవాళ్లూ ఇద్దరూ టీవీల ముందు కూర్చుని నల్ల తెర చూశాం.

---

ఒక్క ఓటు:

మూజువాణి అంటే గొంతులు విని స్పీకర్ అంచనా చెప్పడం, నిజమే. కానీ ఒక్క సభ్యుడు ఒప్పుకోకపోయినా డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని, అడగొచ్చు. అప్పుడు లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు గంటలు మోగించి, తలుపులు మూసేస్తారు. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చినవాళ్లు తలుపు బయటే. ఔనుకు ఆకుపచ్చ మీట, కాదుకు ఎర్రది, తటస్థానికి పసుపు. అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కి అనిపిస్తే మాత్రం ఎవరి స్థానాల్లో వాళ్లని నిలబెట్టి తలలు లెక్కపెట్టించొచ్చు. రాజ్యాంగ సవరణకు డివిజన్ తప్పదు, మూజువాణి చెల్లదు. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు కొత్త భవనంలో చీటీల మీద ఓటేస్తే 454 అనుకూలం, 2 వ్యతిరేకం.

నేను చూసినవాటిలో 1999 ఏప్రిల్ 17 మర్చిపోలేను. వాజ్‌పేయి విశ్వాస తీర్మానం. పక్కింటివాళ్లు కూడా మా ఇంటికొచ్చి దూరదర్శన్ ముందు కూర్చున్నారు. స్పీకర్ కుర్చీలో మన బాలయోగి గారు. బోర్డు మీద అంకెలు వచ్చాయి, మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. అరుపుల్లేవు, రెండు మూడు క్షణాలు ఎవరికీ అర్థం కాలేదనుకుంటా. ఆ రోజు కోరం గురించి ఎవరూ అడగలేదు లెండి.

---

గ్యాలరీలో గంట:

పాత భవనంలో ఒకసారి సందర్శకుల గ్యాలరీకి వెళ్లా, మా ఎంపీ పీఏ ఇచ్చిన పాస్ మీద. ఫోన్, బ్యాగు అన్నీ కిందే పెట్టించుకున్నారు. లోపల చప్పట్లు కొట్టొద్దు, ముందుకు వంగొద్దు, కాలు మీద కాలు వేయొద్దు. నేను అలవాటుగా వేశా, వెనకనుంచి ఒకాయన భుజం మీద వేలితో తట్టారు. బళ్లో కూర్చున్నట్టే ఉంటుంది, పైగా కిందున్నవాళ్లు కేకలేస్తుంటారు, పైనున్న మనం చేతులు కట్టుకుని ఉండాలి.

టీవీలో కనపడనిది ఒకటి చెప్తా. స్పీకర్ కింద మధ్యలో బల్ల దగ్గర రిపోర్టర్లు కూర్చుని ప్రతి మాటా రాస్తుంటారు, కొద్ది నిమిషాలకొకరు లేస్తే ఇంకొకరు వచ్చి అదే వాక్యం మధ్యలో అందుకుంటారు. ఎంత గోలైనా వాళ్లు తలెత్తరు. ఇంకోటి, ఒక మంత్రిని ఎవరో అంకె అడిగారు. ఆయన ఫైలు తిరగేస్తున్నారు, పేజీ దొరకట్లేదు, "నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే" అని సాగదీస్తున్నారు. ఈలోపు అధికారుల గ్యాలరీలోంచి ఒక మడత చీటీ బయల్దేరింది, సిబ్బంది చేతి మీదుగా, ముందు వరసలో ఇంకో మంత్రి చేతి మీదుగా ఆయన దగ్గరికి చేరింది. విప్పి చూసి, గొంతు సవరించుకుని, ఆ అంకెని దశాంశంతో సహా చెప్పారు. చుట్టూ బల్లలు చరిచారు. నాకు పరీక్ష హాల్లో స్లిప్పులు గుర్తొచ్చాయి.

---

ఫైలు మోసినవాడు:

ఆ చీటీలు రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఢిల్లీలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను, ఏ శాఖో చెప్పను.

నక్షత్ర ప్రశ్న పడిందని పార్లమెంట్ సెల్ నుంచి ఫోన్ వచ్చిందంటే ఇక ఆ వారం ఇంటికి టైముకి వెళ్లింది లేదు. సభ ముందుంచే జవాబు ఒకటిన్నర పేజీ ఉంటుంది. దాని వెనక అనుబంధ ప్రశ్నల కోసం నోట్ ఫర్ సప్లిమెంటరీస్ అని ఒక కట్ట తయారు చేస్తాం, అది డెబ్బై ఎనభై పేజీలు. అసలు విషయమంతా అందులోనే. ఎక్కడ డబ్బు ఖర్చవలేదు, ఏ రాష్ట్రం లెక్కలు పంపలేదు, ఏ టెండరు మూడోసారి రద్దయింది, ఎందుకు. పేజీ పేజీకి రంగు చీటీలు అంటించి, "ఇది అడిగితే ఇలా" అని మంత్రిగారికి ముందురోజు రాత్రి బ్రీఫింగ్. ఆయన ఒక్కో ప్రశ్న వేస్తారు, మా జాయింట్ సెక్రటరీ నావైపు చూస్తారు, నేను పేజీలు తిప్పుతాను. గుర్తు లేని ప్రశ్నకు ఇదేం ఉండదు, జవాబు పంపించి టీ తాగడమే.

సమోసా బ్యాచ్ బాబూ, నువ్వన్నట్టు భజన ప్రశ్నలే ఎక్కువ, కాదనను. కానీ ఏ ఎంపీ లేచి ఏం అడుగుతాడో తెలీదు కదా, ఆ తెలియకపోవడమే మమ్మల్ని పరిగెత్తించేది. ఆ భయంతోనే ఎన్నో ఏళ్లుగా కదలని ఉత్తరం ఒక్క రాత్రిలో కదలడం నా కళ్లతో చూశా. జిల్లాల నుంచి ఎప్పుడు అడిగినా రాని లెక్క, "రేపు పార్లమెంటులో ఉంది" అంటే ఆ రాత్రికల్లా ఫ్యాక్స్‌లో వచ్చేది.

ఒకసారి మా ప్రశ్న వరసలో రెండోది. కట్టలో రెండు పేజీలు ఉన్నాయి, వాటి మీద అడిగితే మంత్రిగారు కాదు కదా సెక్రటరీగారు కూడా గట్టెక్కలేని పరిస్థితి. ఆ పథకం మీద పట్టున్న ఎంపీ ఒకాయన ముందు వరసలో కాగితాలు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. అధికారుల గ్యాలరీలో మాకు అరచేతులు చెమటలు. 11 అయింది. ఇంకేదో విషయం మీద ప్లకార్డులు పట్టుకుని వెల్‌లోకి, అంటే స్పీకర్ ముందున్న ఖాళీ జాగాలోకి వచ్చారు, నినాదాలు, రెండుసార్లు సర్దిచెప్పారు, వాయిదా. మా వరసంతా ఒక్కసారి ఊపిరి వదిలాం. లోపల అరుస్తున్నవాళ్లేమో ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టామనుకుంటున్నారు, మేమేమో వాళ్లకి మనసులో దండం పెట్టుకుంటున్నాం. కాగితాలు పట్టుకున్న ఆ ఎంపీ ముఖం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఒకటిన్నర పేజీ జవాబు నిబంధన ప్రకారం రికార్డుల్లోకి వెళ్లిపోయింది. కట్టని వెనక్కి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను.

---

జ్వరం సెలవు:

అందరికీ థాంక్స్. జ్వరం తగ్గింది, ఈ పిచ్చి మాత్రం పట్టుకుంది. నిన్న రాత్రి లోక్‌సభ వెబ్‌సైట్‌లో గుర్తు లేని ప్రశ్నలు తిరగేశా, ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు, శాఖ పేరు కొట్టి వెతకడమే. మా దారిలో ఎప్పట్నుంచో సగంలో ఆగిన రైల్వే ఓవర్‌బ్రిడ్జి మీద ఎవరో ఎంపీ అడిగారు, భలే దొరికిందనుకున్నా. ప్రశ్న బ్రహ్మాండంగా ఉంది, నాలుగు భాగాలు. ఎంత ఖర్చయింది, ఎందుకు ఆగింది, బాధ్యులెవరు, ఎప్పటికి పూర్తవుతుంది. జవాబు ఒక్క లైను: ఏ నుంచి డి వరకు, సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం. ఇంతేనా? దీనికి 15 రోజుల నోటీసా?

---

ఫైలు మోసినవాడు:

ఆ లైను చూసి తిట్టుకోకండి, అది దొరకడం ఒకరకంగా మీ అదృష్టం. తప్పించుకోవడానికే రాస్తాం, నేనూ రాశాను. కానీ "సేకరించి సభ ముందుంచుతాం" అన్నామంటే అది హామీ కింద లెక్క. అలాంటి మాటలన్నీ ఏరడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది, నెరవేర్చడానికి మూడు నెలల గడువు. చాలకపోతే పొడిగింపు అడగాలి, కారణం రాయాలి. కుదిరినప్పుడు పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి ఆ వివరాల్ని సభ ముందుంచుతారు. ఎప్పుడంటారా, పన్నెండింటికి, మీరు ఎవరూ వినట్లేదన్న ఆ కాగితాల తంతులోనే. "పరిశీలిస్తాం" అని రాసి ఉంటే కమిటీ దాన్నీ పట్టుకోవచ్చు, అందుకే మేం అనుభవం వచ్చాక ఆ మాట కూడా రాయడం మానేసి "రాష్ట్ర పరిధిలోని అంశం" అని రాసేవాళ్లం. జవాబు మీద తేదీ ఎంతుందో చూడండి.

---

జ్వరం సెలవు:

చూశా. మూడు నెలలు నిండటానికి ఇంకా పందొమ్మిది రోజులుంది. ఫోన్‌లో అలారం పెట్టుకున్నా, మధ్యాహ్నం పన్నెండుకి.